నీ వ్యాసంలో రేడియో ఎక్కడ?

తమ్ముడూ,

హామ్ (ఔత్సాహిక రేడియో) నెట్‌వర్కుకు, పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చే లోకల్ డీఎన్ఎస్ సర్వర్ పెట్టుకోవడం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లో డీఎన్ఎస్‌మాస్క్ అనే డీఎన్ఎస్ ప్రోగ్రాము ఎక్కించేదాకా తప్పు పట్టడానికేమీ లేదు. కానీ అందులో రేడియో లేదు. ఇంటి వైఫైకి రాసినా అవే మాటలు సరిపోతాయి.

రెండు మీటర్ల బ్యాండు మీద 1200 బాడ్ ప్యాకెట్ రేడియో (డేటాను ముక్కలుగా పంపే పద్ధతి) తీసుకో. సెకనుకు 150 బైట్లు. 512 బైట్ల జవాబు రావడానికే దాదాపు మూడున్నర సెకన్లు. ప్రశ్న వెళ్ళే సమయం, రెండు వైపులా టీఎక్స్ డిలే (ట్రాన్స్‌మిటర్ ఆన్ అయ్యాక డేటా మొదలయ్యేదాకా ఆగే సమయం), మధ్యలో ఇంకో స్టేషన్ ఛానల్ పట్టుకుంటే ఆగే సమయం దానికి కలుపు. లినక్స్‌లో పేర్లు అడిగే రిజాల్వర్ మామూలుగా 5 సెకన్లే చూస్తుంది. జవాబు దారిలో ఉండగానే అదే ప్రశ్న మళ్ళీ పంపుతుంది. అలా పది స్టేషన్లు చేస్తే ఛానల్ మీద పేర్ల ప్రశ్నలు తప్ప ఇంకేమీ మిగలదు. ఈ లెక్క మొదటి పేరాలోనే రాయి. రిజాల్వర్ సెట్టింగుల ఫైలైన రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో టైమవుట్ 15 పెట్టమని తర్వాత నువ్వు చెబితే, ఎందుకని ఎవరూ అడగరు. అసలు మందు మాత్రం ప్రశ్నను గాలిలోకి పోనివ్వకపోవడమే. అందుకే ప్రతి సైటులో, రేడియోకు ఇవతలే, వచ్చిన జవాబులను దాచుకునే ఒక కాష్ ఉండాలి.

ఇక్కడే నువ్వు దాటేసిన విషయం ఒకటుంది. పేర్లూ అడ్రసులూ ఉండే హోస్ట్స్ ఫైలులో రాసిన పేర్లకు డీఎన్ఎస్‌మాస్క్ ఇచ్చే టీటీఎల్ (జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే అంకె) సున్నా. అంటే అవతలి సైటులోని కాష్ ఆ జవాబును దాచుకోదు, ప్రతిసారీ రేడియో మీదుగా మళ్ళీ అడుగుతుంది. ‘లోకల్-టీటీఎల్=3600’ అన్న ఒక్క లైను డీఎన్ఎస్‌మాస్క్ సెట్టింగుల్లో పెడితే ఇది తీరిపోతుంది. పాఠకుడి చేత, పేరు అడిగి చూసే డిగ్ కమాండును రెండుసార్లు కొట్టించు. జవాబు వరుసలో పేరు పక్కనున్న అంకె మొదట సున్నా, లైను చేర్చి సర్వీసు రీస్టార్ట్ చేశాక 3600. ఆ రెండు అంకెలూ చూపిస్తే పేజీడు వివరణ అక్కర్లేదు.

‘44తో మొదలయ్యే అడ్రసులన్నీ హాములవే’ అన్న వాక్యం కొట్టెయ్. 44.192.0.0/10 భాగం 2019లోనే అమెజాన్‌కు అమ్ముడుపోయింది. ఇది చరిత్ర కోసం చెప్పడం లేదు. రివర్స్ లుకప్ (అడ్రసు నుంచి పేరు వెతకడం) కోసం 44 మొత్తాన్నీ లోకల్ జోనుగా ప్రకటించమన్నావు. అలా చేస్తే అమెజాన్‌కు పోయిన భాగంలోని సర్వర్ల రివర్స్ పేర్లకు ‘లేదు’ అన్న జవాబే వస్తుంది. నీకు కేటాయించిన అడ్రసుల భాగం (సబ్‌నెట్) వరకే ప్రకటించు. డొమైనుకు ‘లోకల్’ అన్న తోక తగిలించవద్దనీ హెచ్చరించు, అది ఎండీఎన్ఎస్‌ది (సర్వర్ లేకుండా మెషీన్లే ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి). కొన్ని మెషీన్లు నీ సర్వర్‌ను అడగకుండానే పేరు దొరకలేదనేస్తాయి.

జవాబు అసలుదేనని సంతకంతో నిర్ధారించే డీఎన్ఎస్‌సెక్ ఆన్ చేయమన్నావు. అది సంతకమే, అర్థాన్ని దాచదు, కనుక అర్థం దాచే సంకేతాలు పనికిరాని హామ్ బ్యాండుల్లో ఇబ్బంది లేదు. కానీ రాస్‌ప్‌బెర్రీ పై 4 దాకా బోర్డులో కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. నెట్ లేని కొండ మీద కరెంటు పోయి వస్తే టైము వెనకబడుతుంది. టైము తప్పితే సంతకాలు చెల్లవు, సంతకం పెట్టిన పేర్లన్నీ సర్వ్‌ఫెయిల్ (జవాబివ్వలేనన్న తప్పు). టైము సరిచేసే ఎన్‌టీపీ సర్వర్‌ను పేరుతో రాసి ఉంటే ఆ పేరు కూడా దొరక్కపోవచ్చు. బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించమను, ఎన్‌టీపీ సర్వర్‌ను ఐపీ అడ్రసుతోనే రాయమను. ఈ చిక్కుముడికి ఒక పేరా పూర్తిగా ఇవ్వు. కొండెక్కి దిగాల్సిన మనిషికి అన్నిటికంటే పనికొచ్చేది అదే.

ఇన్‌స్టాల్ చేసే భాగం నాలుగు వాక్యాలకు కుదించు. అందులో ఒకటి మాత్రం డీఎన్ఎస్ వాడే పోర్టు 53 గొడవకు ఉంచు. లినక్స్ సొంత పేర్ల సర్వీసు సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ ముందే ఆ పోర్టులో కూర్చుని ఉంటే డీఎన్ఎస్‌మాస్క్ ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని ఆగిపోతుంది. సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ సెట్టింగుల్లో ‘డీఎన్ఎస్‌స్టబ్‌లిజనర్=నో’ పెట్టాలి.

మళ్ళీ పంపే ముందు రాస్‌ప్‌బెర్రీ పైకి కరెంటు తీసి, నెట్ కేబుల్ పీకి, పది నిమిషాలాగి ఆన్ చెయ్. నీ వ్యాసం ఒక్కటే ముందు పెట్టుకుని పేర్లకు జవాబు రప్పించు. ఆగిన చోటల్లా ఒక వాక్యం తక్కువైనట్టు, అది చేర్చి పంపు.