చేజేతులా చేసుకున్నాడు అనిపించినప్పుడు

అమ్మా,

వార్డు డ్యూటీలో కొత్తగా చేరావు. మద్యం వల్లో, మత్తుమందుల వల్లో ఆరోగ్యం పాడైనవాళ్ళు రోజూ నీ చేతికి వస్తారు. చూడగానే "చేజేతులా చేసుకున్నాడు" అనిపిస్తుంది. అందుకు సిగ్గుపడకు. తన చేతిలో ఉన్నదాన్ని పాడుచేసుకున్నాడనుకుంటే కోపం, చేతిలో లేనిదాని వల్ల పాడయ్యాడనుకుంటే జాలి రావడం మనుషులందరికీ ఉన్నదే. అయితే ఆ కోపం నోట్లోంచి రాదు, చేతుల్లోంచి వస్తుంది. నొప్పి ఇంజెక్షన్ గంట ఆలస్యమవుతుంది, వణుకుతున్న చేతిని ఎవరూ పట్టుకుని చూడరు, కేస్ షీట్‌లో ఒక మాట పడుతుంది. మనసు మారాక పని మారుస్తానంటే ఈలోపు పేషెంటు ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ముందు పని మార్చుకో.

అడిగే తీరుతో మొదలుపెట్టు. "చెడు అలవాట్లేమైనా ఉన్నాయా?" అనడం మనందరికీ నోటికి వచ్చేసింది. చెడు అని ముందే తేల్చి అడిగితే "లేవండి" తప్ప ఇంకేం వస్తుంది? అందులోనూ బంధువులు చుట్టూ నిలబడి ఉంటే. వాళ్ళను కాసేపు బయట కూర్చోమను. "అందరినీ అడిగేవే అడుగుతున్నానండి, మందుల డోసు సరిగ్గా వేయడానికి కావాలి" అని చెప్పి, వారంలో ఎన్ని రోజులు మద్యం తీసుకుంటారు, తీసుకున్న రోజు ఎంత, చివరిసారి ఎన్ని గంటలకు అని వరసగా అడుగు. "మందు" అనకు, "మద్యం" అను. మందంటే బీపీ మాత్రలనుకుని తలూపేవాళ్ళుంటారు. ఎంత తాగారన్నది "రెండు గ్లాసులు" అని రాస్తే ఎవరికీ పనికిరాదు, మిల్లీలీటర్లలో రాయి. 40 శాతం మద్యం 30 మి.లీ.లో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనిపించాయా అన్నది కూడా తప్పకుండా అడుగు. అప్పుడు వచ్చినవాళ్ళకు ఈసారీ వచ్చే ప్రమాదం ఎక్కువ.

చివరిసారి తాగిన గంట ఎందుకంటావా? రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే 6 నుంచి 8 గంటల్లో వణుకు, చెమట, కంగారు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్ళకు ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. మతి గందరగోళమై, లేనివి కనిపించే డెలీరియం 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. కాలు విరిగి చేరిన మనిషి మూడో రాత్రి సెలైన్ పీకేసి, గోడ మీద పురుగులున్నాయని అరుస్తాడు. వార్డంతా "వీడి నిజస్వరూపం బయటపడింది" అంటుంది. బయటపడింది స్వరూపం కాదు, జబ్బు. చికిత్స చేయకపోతే ప్రాణం తీసే జబ్బు. మొదటిరోజే వణుకు చూసి, మందు మొదలుపెట్టి ఉంటే ఆ రాత్రి చాలావరకు అంతదాకా వచ్చేది కాదు.

వణుకు ఎలా చూడాలో చెబుతాను. చేతులు రెండూ ముందుకు చాపి, వేళ్ళు విడదీయమను. కంటికి కనిపించకపోయినా నీ వేలి కొనలు ఆయన వేలి కొనలకు ఆనించు, సన్నటి అదురు తెలుస్తుంది. అరచేయి తాకితే చెమట తెలుస్తుంది. మద్యం ఆపాక వచ్చే బాధను కొలిచే సివా (CIWA) పట్టికలో ఇలాంటివి పది అంశాలు, మొత్తం మార్కులు 67. 8 లోపైతే తేలిక, 15 దాటితే తీవ్రం. తీవ్రతను బట్టి గంటకో, నాలుగు గంటలకో మళ్ళీ చూసి, వచ్చిన అంకెను బట్టి డాక్టరు రాసిన డయాజెపామ్ గానీ క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ ఇవ్వాలి. కాలేయం బాగా చెడినవాళ్ళకు లోరాజెపామ్ మేలు. నాకు ఈ పట్టిక మీద గురి ఎందుకంటే, "నిజంగా బాధా, నటనా?" అన్న ప్రశ్నకు ఇందులో గడి లేదు. అంకె ఎంతో అంతే మందు.

థయమిన్ (విటమిన్ బి1) సంగతి ఒక్కమాట. గ్లూకోజు ఎక్కించే ముందో, దాంతోపాటో ఇవ్వాలి. షుగరు పడిపోయి ఉంటే మాత్రం థయమిన్ కోసం గ్లూకోజు ఆపకూడదు. మతి తప్పడం, నడక తూలడం, కళ్ళు సరిగ్గా తిరగకపోవడం అనే మూడూ కలిసి కనిపించాలని కూర్చోకు. థయమిన్ లోపంతో మెదడుకు వచ్చే వెర్నికీ జబ్బులో మూడూ ఉన్నవాళ్ళు కొద్దిమందే. అనుమానం వస్తే చాలు, 500 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు సిరలోకి ఇస్తారు.

వాసన మోసం చేస్తుంది, జాగ్రత్త. నోట్లోంచి మద్యం వాసన వచ్చిందంటే మత్తులో ఉన్నాడని పక్కన పడుకోబెట్టేస్తారు. తలలో రక్తం గడ్డకట్టినవాళ్ళూ, షుగరు పడిపోయినవాళ్ళూ అలాగే పడి ఉంటారు. వేలికొనతో షుగరు చూడు, కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయా చూడు, తల వెంట్రుకల్లో వేళ్ళు పెట్టి దెబ్బ వెతుకు, గంటగంటకూ స్పృహ రాయి. తేరుకోవాల్సిన వేళకు తేరుకోకపోతే స్కానింగ్ అడుగు.

హెరాయిన్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ల దగ్గర మన తీర్పు ఇంకా సూటిగా డోసులోకి దిగుతుంది. ఆ వ్యసనానికి చికిత్సగా మెథడోన్ గానీ బ్యుప్రెనార్ఫిన్ గానీ రోజూ తీసుకునే మనిషికి ఎముక విరిగితే "ఈయనకు ఇప్పటికే ఓపియాయిడ్ వెళ్తోందిగా" అంటారు. ఆ రోజువారీ డోసు ఆయన్ను మామూలు స్థితిలో నిలబెట్టడానికే సరిపోతుంది, కొత్త నొప్పికి కాదు. దాన్ని ఆపకుండా, నొప్పికి వేరుగా మందు ఇవ్వాలి. శరీరం అలవాటుపడి ఉంటుంది కాబట్టి మామూలు కంటే ఎక్కువే పట్టవచ్చు. నొప్పి తగ్గక, మత్తు ఆగినప్పుడు వచ్చే బాధ (విత్‌డ్రాయల్) భరించలేక చికిత్స మధ్యలో లేచి వెళ్ళిపోయినవాళ్ళను "మాట వినని పేషెంటు" అనడం అన్యాయం.

ఇక్కడ జాలి కూడా తప్పు చేయిస్తుంది. బాధపడుతున్నాడని బ్యుప్రెనార్ఫిన్ తొందరపడి ఇస్తే ఉన్న బాధ ఒక్కసారిగా పదింతలవుతుంది. హెరాయిన్ లాంటి కొద్దిసేపే పనిచేసేవాటికి కనీసం 12 గంటలు గడిచి, ఆవులింతలు, కంటినీరు, ఒళ్ళు గగుర్పాటు, పెద్దవైన కంటిపాపలు స్పష్టంగా కనిపించాకే 2 నుంచి 4 మి.గ్రా. నాలుక కింద పెట్టాలి. నోరు ముందు తడపాలి, మాత్ర నమలకూడదు, మింగకూడదు, పూర్తిగా కరిగేదాకా మాట్లాడించకూడదు. ఎందుకు ఆగుతున్నామో చెప్పి ఆపు. చెప్పకుండా ఆపితే అది శిక్షలాగే ఉంటుంది.

ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలాక్సోన్‌తో శిక్షించడం కూడా జరుగుతుంది, ఒప్పుకుందాం. శ్వాస మందగించిన మనిషికి ఎక్కువ డోసు ఒక్కసారే ఎక్కించి, అల్లాడుతూ లేస్తే "బుద్ధొస్తుంది" అనుకోవడం. కావాల్సింది శ్వాస, మెలకువ కాదు. ఓపియాయిడ్లకు అలవాటుపడినవాళ్ళకు శ్వాస ఆడుతూ ఉంటే 0.04 నుంచి 0.1 మి.గ్రా. చొప్పున, నిమిషానికి 10 నుంచి 12 శ్వాసలు వచ్చేదాకా కొంచెం కొంచెంగా ఇవ్వొచ్చు. శ్వాస ఆగిపోతే ముందు ఊపిరి అందించే బ్యాగ్ పట్టు, డోసు చూసుకుంటూ కూర్చోవద్దు. నలాక్సోన్ 30 నుంచి 90 నిమిషాలే పనిచేస్తుంది, లోపలున్న మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. లేచి కూర్చున్నాడు కదా అని పంపేయకు.

ఇక మాటలు. మన భాషలో గౌరవం క్రియాపదం చివర్లోనే తెలిసిపోతుంది. డ్యూటీ అప్పగించేటప్పుడు విను: షుగరు పేషెంటు "ఆయన", గుండెపోటు పేషెంటు "ఆయన", ఆరో బెడ్‌లో తాగుడు కేసు మాత్రం "వాడు". ఆ ఒక్క మాటతో తర్వాతి షిఫ్టు వాళ్ళ మనసు కూడా తయారైపోతుంది. 2010లో కెల్లీ, వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు 500 మందికి పైగా మానసిక వైద్య నిపుణులకు ఒకే పేషెంటు వివరాలు ఇచ్చారు. ఒక కాగితంలో "దుర్వినియోగం చేసేవాడు" అనే అర్థం వచ్చే మాట, ఇంకోదానిలో "ఆ రుగ్మత ఉన్న వ్యక్తి" అని. మొదటిది చదివినవాళ్ళు తప్పు ఆయనదేనని, శిక్షలాంటి చర్య తీసుకోవాలని ఎక్కువగా మొగ్గారు. చదువుకున్న నిపుణులే సుమా. కాబట్టి "తాగుబోతు", "మందుల కోసం నాటకం" అని రాయకు. జరిగింది రాయి: "10 గంటలకు నొప్పి పదికి 8 అన్నారు. 11.30కి మళ్ళీ అడిగారు. అప్పటికి మందు ఇవ్వలేదు." ఇలా రాస్తే తప్పు ఎక్కడుందో కాగితమే చెబుతుంది.

"మళ్ళీ వచ్చాడు" అని నిట్టూర్చే రోజులూ వస్తాయి. వ్యసనం తిరగబెట్టడం 40 నుంచి 60 శాతం మందిలో ఉంటుంది. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం కూడా దాదాపు ఇంతే. కానీ బీపీ మాత్ర మానేసి వచ్చిన మనిషికి మాత్ర మళ్ళీ రాసిస్తాం. పైగా మానేసి బాగున్నవాళ్ళు వార్డుకు రారు కదా, మన కళ్ళకు కనిపించేదంతా తిరగబెట్టినవాళ్ళే. అందువల్లే వీళ్ళు బాగుపడరనిపిస్తుంది.

ఇదంతా చదివి, వాళ్ళు ఏం చేసినా ఊరుకోవాలనుకోకు. "మెదడు జబ్బు, ఆయన చేతిలో ఏమీ లేదు" అని చెప్పడం వల్ల నింద తగ్గినా, ఇక బాగుపడరన్న నిరాశ పెరుగుతుంది. బాధ్యత వేరు, నింద వేరు. వార్డులోకి సీసా తెస్తే ఏం జరుగుతుందో మొదటిరోజే చెప్పు, తెస్తే చెప్పినట్టే చెయ్యి, గొంతు పెంచకుండా. మానడం గురించి మాట్లాడేటప్పుడు "ఎందుకు మానరు?" అని దబాయించకు. దబాయించిన కొద్దీ తాగుడు పెరిగిందని 1993లో మిల్లర్ బృందం గమనించింది. "మానితే మీకేం బాగుంటుందనిపిస్తుంది?" అని అడిగి, ఆయన చెప్పినదాన్నే తిరిగి ఆయనకు వినిపించు. మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రను ఇంట్లోవాళ్ళు అన్నంలో కలిపి పెడతామని అడిగితే ససేమిరా ఒప్పుకోకు. తెలియక మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆయనకు తెలిసి, ఆయన ఒప్పుకుంటేనే ఆ మందు.

డిశ్చార్జి రోజు తొందరపడకు. ఓపియాయిడ్లు కొన్నాళ్ళు మానిన ఒంటికి పాత డోసు ఇప్పుడు ప్రాణాంతకం, మొదటి వారాలే మరీ ప్రమాదం. ఈ మాట ఆయనకూ, ఆయన ఒప్పుకుంటే ఇంట్లోవాళ్ళకూ విడివిడిగా చెప్పు. నలాక్సోన్ దొరికే చోటైతే చేతికిచ్చి, వాడటం చూపించు. తర్వాత రావాల్సిన తేదీ, చూడాల్సిన మనిషి పేరు కాగితం మీద రాసివ్వు. గుమ్మం దగ్గర "మళ్ళీ మొదలుపెట్టి రావద్దు" అనకు. "మళ్ళీ మొదలైతే ఆ రోజే రండి" అను.

ఆశీస్సులతో.