ఎల్క్ వేటకు ఏ తూటా?

ప్రశ్న: ఈ అక్టోబర్‌లో కొలరాడోలో మొదటిసారి ఎల్క్ (జింక జాతిలోని భారీ జంతువు) వేటకు వెళ్తున్నాను. నా దగ్గరున్నది .308 విన్‌చెస్టర్ తూటా కాల్చే రైఫిల్. అది చాలదు, అంతకంటే బలమైన .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ కొనమంటున్నారు. కొనాలా? (డెన్వర్ పాఠకుడు)

జవాబు: అక్కర్లేదండి. ఆ డబ్బు మంచి బుల్లెట్లకూ ప్రాక్టీసుకూ పెట్టండి. ఎల్క్‌కి కొలరాడో అడిగేది కనీసం .24 క్యాలిబర్ (బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో), 85 గ్రెయిన్ల బరువు (సుమారు పదిహేను గ్రెయిన్లు ఒక గ్రాము), తగిలాక విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి. మీ .308లో 165 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయల్దేరితే, 300 గజాల దగ్గర కూడా సుమారు 2,150 అడుగుల వేగం, 1,690 ఫుట్-పౌండ్లు మిగులుతాయి. రైఫిల్ 200 గజాలకు జీరో చేసి (ఆ దూరంలో గురి పెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా సరిచేసి) ఉంటే, 300 దగ్గర బుల్లెట్ దాదాపు ఎనిమిది అంగుళాలు దిగుతుంది. మ్యాగ్నమ్‌తో ఆరున్నర. ఈ కాస్త తేడా కోసం భుజానికి ఒకటిన్నర రెట్ల తన్ను భరించడం దేనికి?

తన్నుకు భయపడ్డ చెయ్యి ట్రిగ్గర్‌ను నొక్కదు, గుంజుతుంది. మీకు ఆ అలవాటు ఉందేమో తేల్చుకోవాలంటే, రేంజ్‌లో తోడున్నవారికి రైఫిల్ ఇచ్చి, మీరు చూడకుండా ఒకసారి తూటా పెట్టి, ఒకసారి డమ్మీ తూటా పెట్టి అందివ్వమనండి. ‘టక్’ మని ఊరుకున్నప్పుడు గొట్టం మొన కిందికి వంగిందా, తప్పు తుపాకీది కాదు.

అసలు ఆలోచించాల్సింది బుల్లెట్ తయారీ గురించి. జింకల కోసం చేసిన పల్చని తొడుగు బుల్లెట్ దగ్గర నుంచి ఎల్క్ జబ్బ ఎముకకు తగిలితే అక్కడే తునకలైపోతుంది. గాయం పైపైనే ఉంటుంది, జంతువు మాత్రం ఎక్కడికో పోయి చస్తుంది. అందుకే సీసపు గుజ్జు రాగి తొడుగుకు అతుక్కుపోయిన బాండెడ్ రకం గానీ, నోస్లర్ పార్టిషన్ గానీ తీసుకోండి. పార్టిషన్‌ను నిలువునా కోసి చూస్తే మధ్యలో రాగి అడ్డుగోడ కనిపిస్తుంది: ముందు సగం పువ్వులా విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. ఫుల్ మెటల్ జాకెట్ (మొన దాకా గట్టి లోహపు తొడుగున్న బుల్లెట్) వద్దు. విచ్చుకోదు, చిన్న బెజ్జం చేసి అవతలికి పోతుంది, పైగా వేటకు నిషిద్ధం.

జంతువు అడ్డంగా నిలబడితే ముందుకాలి వెనకే, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కొట్టండి. తోక చూపిస్తూ నడిచిపోతుంటే పోనివ్వండి.

ప్రశ్న: హెచ్-1బి వీసా మీద ఉన్నాను. రైఫిల్ ఉండొచ్చా? (డల్లాస్ పాఠకుడు)

జవాబు: ఫెడరల్ చట్టం మామూలుగా వద్దంటుంది, తూటాలు సహా. మినహాయింపుల్లో ఒకటి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్. దాని గడువు తీరితే మినహాయింపూ పోతుంది, కాబట్టి ఆ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో అడవి పంది వేటకు .30-06 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల సీసం మానేసి అంతే బరువున్న రాగి బుల్లెట్ వేశాను. గురి చెదిరిపోయింది. ఎందుకు? (ఫ్రెస్నో పాఠకుడు)

జవాబు: అక్కడ 2019 జూలై 1 నుంచి ఏ వన్యప్రాణినైనా తుపాకీతో వేటాడాలంటే సీసం లేని బుల్లెట్లే వాడాలి, కాబట్టి మార్చక తప్పదు. రాగి సీసం కంటే తేలిక. అంతే బరువు రావాలంటే బుల్లెట్ పొడవవుతుంది, తూటా కేసులో (ఇత్తడి గుల్లలో) తుపాకీ మందు చోటు తింటుంది. 150 లేదా 165 గ్రెయిన్లకు దిగండి. రాగి బుల్లెట్ బరువు పోగొట్టుకోదు గనుక నష్టమేమీ లేదు. ముందుగా గొట్టంలో పేరుకున్న పాత మాలిన్యాన్ని రాగిని కరిగించే సాల్వెంట్‌తో శుభ్రం చేసి, ఆపైన మళ్లీ జీరో చేయండి. ఒక్కో రైఫిల్‌కు ఒక్కో బుల్లెట్ నచ్చుతుంది, అందుకని రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె కొని చూడండి. వేగం బాగా పడిపోయాక రాగి సరిగా విచ్చుకోదు. సెకనుకు 2,000 అడుగులకు తగ్గే దూరం మీ తూటాకు ఎక్కడ వస్తుందో పెట్టె మీది పట్టికలో చూసుకుని, అంతకు మించి కాల్చకండి.