క్రూజ్ షిప్‌లో రొటేటింగ్ డైనింగ్‌కీ ఫ్లెక్సిబుల్ డైనింగ్‌కీ తేడా ఏంటి?

రొటేటింగ్‌లో మీ డిన్నర్ టైం ఫిక్స్, రెస్టారెంట్ మాత్రం రోజుకొకటి మారుతుంది, ఫ్లెక్సిబుల్‌లో ఎప్పుడు తినాలో మీ ఇష్టం.

రొటేటింగ్‌కి డిస్నీ క్రూజ్‌లే ఫేమస్. డిస్నీ విష్ షిప్‌లో అరెండెల్, వరల్డ్స్ ఆఫ్ మార్వెల్, 1923 అని మూడు రెస్టారెంట్లు, ఏ రాత్రి ఎందులోనో వాళ్లే చెప్తారు, మీ వెయిటర్లు కూడా మీతోపాటే మారతారు, అందుకే రెండో రోజుకే పిల్లాడికి ఏ జ్యూస్ కావాలో అడక్కుండానే తెచ్చి పెట్టేస్తారు. జనాన్ని రెండు బ్యాచ్‌లుగా ముందే పంచేస్తారు కాబట్టి టేబుల్ కోసం క్యూ ఉండదు. నార్వేజియన్ క్రూజ్ లైన్ అనే కంపెనీ వాళ్ల ఫ్లెక్సిబుల్ డైనింగ్ (దాన్ని ఫ్రీస్టైల్ అంటారు) దీనికి రివర్స్, ఆకలేసినప్పుడు వెళ్లొచ్చు, కానీ అందరూ ఏడున్నరకే వస్తే వెయిటింగ్ తప్పదు, వెయిటర్ కూడా రోజూ ఒకరే ఉండరు.

చాలామంది పొరబడేదేంటంటే రొటేటింగ్ అంటే రోజూ అక్కడే తినాలని, అదేం లేదు, ఒక పూట మానేసి రూమ్ సర్వీస్ తెప్పించుకోవచ్చు. ఫ్లెక్సిబుల్ అంటే అన్ని రెస్టారెంట్లూ ఫ్రీ అనుకోవడం కూడా తప్పే, స్టీక్‌హౌస్ లాంటి స్పెషాలిటీ రెస్టారెంట్లకి మామూలుగా ఎక్స్‌ట్రా కట్టాలి. చిన్నపిల్లలుంటే మాత్రం రొటేటింగే సుఖం.