కాన్ఫిగర్ చేయడం: అమర్చడమా, ఆకృతీకరించడమా?

సందేహం: డిగ్రీ విద్యార్థుల కోసం లినక్స్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. డెబియన్ అనే లినక్స్ రకంలో అప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్రోగ్రాములను, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ నుంచి కాన్ఫిగర్ చేసుకునే (మనకు కావలసినట్టు మార్చుకునే) అధ్యాయానికి ‘స్థాపిత మృదులాంత్ర ఆకృతీకరణ’ అని పేరు పెట్టాను. చూసినవారు నవ్వుతున్నారు. ఇన్‌స్టాల్‌కూ కాన్ఫిగర్‌కూ ‘అమర్చు’ అనేస్తే సరిపోతుందా? కమాండ్‌ను ‘ఆదేశం’ అనవచ్చా?

సమాధానం: మీ పేరులో వ్యాకరణ దోషమేమీ లేదు. నవ్వు వేరే చోట నుంచి వచ్చింది. ఆంత్రం అంటే పేగు. బడిలో ‘ఆంత్రమూలం’ చదువుకున్నవారికి మృదులాంత్రం అనగానే మెత్తని పేగు తోచడంలో వింత లేదు. సాఫ్ట్‌వేర్‌ను సాఫ్ట్‌వేర్‌గానే ఉంచండి. రైలు, బస్సుల్లాగే అదీ మన విభక్తులన్నిటినీ మోస్తోంది.

ఆకృతీకరణ గంభీరమైన మాటే. అందులో ఉన్నది చ్వి ప్రత్యయం. అంతకుముందు లేని స్థితిని కలిగించడాన్ని అది చెబుతుంది. జాతీయం కానిదాన్ని జాతీయం చేస్తే జాతీయీకరణ. మరి మీ ప్రోగ్రాముకు ఆకృతి ఎప్పుడో ఏర్పడింది కదా! కంప్యూటర్‌లో కుదురుగా కూర్చుని పని చేస్తున్నదానికి కొత్తగా ఆకృతి ఇవ్వడమేమిటి?

అసలు చిక్కు ఇంగ్లీషు మాటలోనే ఉంది. లినక్స్‌కు మూలమైన యునిక్స్ లోకంలో కాన్ఫిగర్ ఒకే ఒక్క పనికి పేరు కాదు. ప్రోగ్రామును మూలరూపం (సోర్స్ కోడ్) నుంచి మనమే తయారు చేసుకునేటప్పుడు మొట్టమొదట నడిపే స్క్రిప్టు, అంటే కమాండ్ల చిట్టా, పేరు కాన్ఫిగర్. యంత్రంలో కంపైలర్ ఉందా, కావలసిన లైబ్రరీలు ఉన్నాయా అని అది వాకబు చేసి, దానికి తగ్గట్టు తయారీ సూచనలను రాసిపెడుతుంది. ఇక్కడ కాన్ఫిగర్ ముందు, ఇన్‌స్టాల్ చివర. డెబియన్‌లో వరుస తిరగబడుతుంది. అక్కడ ప్రోగ్రాములను ఎక్కించే డీపీకేజీ ముందు ప్యాకేజీ మూట విప్పి ఫైళ్లను పరుస్తుంది, ఆ తర్వాత కాన్ఫిగర్ చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే మూట విప్పినా సిద్ధం కాని ప్యాకేజీలు మిగిలిపోతాయి. వాటిని పూర్తి చేయడానికి వేరే కమాండే ఉంది. ఇక మీ అధ్యాయంలోది మూడోది: డీపీకేజీ-రీకాన్ఫిగర్. ఇన్‌స్టాల్ చేసిననాడు అడిగిన ప్రశ్నలనే అది మళ్లీ అడుగుతుంది. దానికి టీజెడ్‌డేటా (కాలమండలాల ప్యాకేజీ) అని జోడిస్తే ప్రాంతం, నగరం అడుగుతుంది. మనం ఆసియా, కోల్‌కతా ఎంచుకుంటే గడియారం భారత కాలమానానికి వస్తుంది. లొకేల్స్ (భాషల ప్యాకేజీ) అని జోడించి తెలుగును ఎంచుకుంటే, అనువాదం జరిగినంత మేరకు సందేశాలు తెలుగులో కనిపిస్తాయి.

మూడు పనులకూ ఒకే సంస్కృత సమాసాన్ని తొడిగితే విద్యార్థి తికమకపడతాడు. మొదటిదాన్ని ‘సరిచూసుకోవడం’ అనండి. రెండోది ‘సిద్ధం చేయడం’. మూడోది ‘అమరికలు మార్చుకోవడం’. నిఘంటువులో ఒక మాటకు ఎదురుగా ఒకే మాట ఉండాలన్న పట్టుదల పాఠం రాసేవారికి అక్కరలేదు.

‘విన్యాసం’ అనమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో ఎలక్ట్రాన్ విన్యాసం అనేది స్థిరపడిన మాటే, కాన్ఫిగరేషన్‌కు సమానార్థకమే. కాని అది ఉన్న స్థితిని చెప్పే మాట. విన్యాసం ‘చేయడం’ అన్నామా, సర్కస్‌వారూ యుద్ధవిమానాలూ గుర్తుకొస్తాయి. ‘దిద్దుబాటు’, ‘సవరణ’ అంటే తప్పు జరిగిందన్న ధ్వని వస్తుంది. ‘సర్దుబాటు’ అంటే రాజీపడ్డట్టు ఉంటుంది. అమరికకు ఈ మచ్చలు లేవు. అమరు అంటే ఒదగడం, నప్పడం. మెడకు హారం అమరినట్టు. కోరు నుంచి కోరిక, చేరు నుంచి చేరిక వచ్చినట్టే అమరు నుంచి అమరిక వచ్చింది. మనకు నప్పేలా చేసుకోవడమే కదా ఈ పనంతా!

అందుకే ఇన్‌స్టాల్‌కు కూడా ‘అమర్చు’ వాడి దాన్ని పలచన చేయవద్దంటాను. దానికి జనమే మాటలు చూసుకున్నారు. ఫోనులో యాప్ ‘వేసుకుంటున్నారు’, కంప్యూటర్‌లోకి విండోస్ ‘ఎక్కిస్తున్నారు’. స్థాపించడం సంస్థలకు, ప్రతిష్ఠించడం విగ్రహాలకు వదిలేద్దాం. మీ అధ్యాయానికి ‘ఎక్కించిన ప్రోగ్రాముల అమరికలను టెర్మినల్ నుంచి మార్చుకోవడం’ అని పేరు పెట్టవచ్చు. పొడవే, కాని ఎవరూ నవ్వరు.

కమాండ్‌కు ఆదేశం బాగుంది, కమాండ్ లైన్‌కు ‘ఆదేశ పంక్తి’ మాత్రం వద్దు. పంక్తి అనగానే నాకు బంతి భోజనమే గుర్తుకొస్తుంది, రెండూ ఒకే మాట కాబట్టి. టైపు చేయవలసిన కమాండ్‌ను మాత్రం పాఠంలో రోమన్ లిపిలోనే ఇవ్వండి, తెలుగు చేస్తే కమాండ్లను చదివి నడిపే షెల్‌కు అర్థం కాదు.

ఆదేశం అనేసరికి వ్యాకరణం చదివినవారికి ఇంకొకటి తోస్తుంది. ఆగమం మిత్రుడిలా, ఆదేశం శత్రువులా వస్తాయని పెద్దల మాట. మా, అమ్మ కలిసి ‘మాయమ్మ’ అయినప్పుడు యకారం ఎవరినీ లేపకుండా మధ్యలో చోటు చేసుకుంది, అది ఆగమం. ‘వాడు కొట్టె’ అన్నది ‘వాడుగొట్టె’ అయినప్పుడు కకారాన్ని వెళ్లగొట్టి గకారం కూర్చుంది, అది ఆదేశం. అమరికల ఫైళ్లుండే ఎట్సీ డైరెక్టరీలోనూ ఈ ఇద్దరూ ఉన్నారు. ఏదైనా ఫైలుకు టెర్మినల్ నుంచి ఒక వరుస చేర్చడానికి, లెక్కల్లో ‘కంటే ఎక్కువ’ అనే గుర్తును రెండుసార్లు పెడితే ఆగమం: పాత వరుసలు ఉంటాయి, కొత్తది చివర చేరుతుంది. పొరపాటున ఒక్కసారే పెడితే ఆదేశం: పాత వరుసలన్నీ పోయి కొత్త వరుస ఒక్కటే మిగులుతుంది. ఈ తేడా చెప్పే ముందు, ఫైలుకు నకలు తీసిపెట్టుకోమని మీ విద్యార్థులకు చెప్పండి.