ట్రీకిల్ బావి దగ్గర నువ్వు రాసిన నోటు

చిరంజీవికి,

ఆశీస్సులు. లూయిస్ కారల్ రాసిన పిల్లల పుస్తకం 'ఆలిస్'కు నువ్వు చేసి పంపిన అనువాదం మొదటి ఏడు అధ్యాయాలు, వాటి కింద చేర్చిన అరవై రెండు ఫుట్‌నోట్లు, నువ్వడిగిన ప్రశ్నల చిట్టా అందాయి. అనువాదం సాఫీగా ఉంది. ఈ ఉత్తరం మాత్రం నీ ఫుట్‌నోట్ల గురించే రాస్తున్నాను. ట్రీకిల్ బావి దగ్గర నువ్వు రాసిన నోటు చదివాక రెండు రోజులు నా మనసు కుదుట పడలేదు.

టీ విందులో నిద్రమొహపు డార్‌మౌస్ అనే చిట్టెలుక ఒక కథ చెబుతుంది. ఎల్సీ, లేసీ, టిల్లీ అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళు ట్రీకిల్ బావి అడుగున కాపురముంటారు. అక్కడ నీ నోటు ఇది: 'ట్రీకిల్: బెల్లప్పాకం వంటి చిక్కని తీపి పదార్థం.' అంతే. అమ్మాయీ, ఆ మాటకు ఒకప్పుడు ఇంగ్లీషులో మందు, విషానికి విరుగుడు అని అర్థం. ఆక్స్‌ఫర్డ్ పక్కన బిన్సీ అనే చిన్న ఊళ్ళో, సెయింట్ మార్గరెట్ చర్చి ఆవరణలో, నీళ్ళతో రోగాలు నయమవుతాయని జనం నమ్మిన బావి ఒకటి నేటికీ ఉంది. దాన్నే ట్రీకిల్ బావి అంటారు. 1862 జూలై 4న కారల్ తన మిత్రుడు డక్‌వర్త్‌తో కలిసి లిడెల్ వారి ముగ్గురు ఆడపిల్లలను పడవలో ఎక్కించుకుని ఆలిస్ కథ మొదటిసారి చెబుతూ వెళ్ళింది ఆ దాపులనే. ఇక ఆ ముగ్గురి పేర్లు చూడు. ఎల్సీ అంటే పెద్దమ్మాయి లొరీనా షార్లెట్ పేరులోని ఎల్, సీ అనే పొడి అక్షరాలు. లేసీ అంటే నడిమి అమ్మాయి ఆలిస్ పేరులోని ఇంగ్లీషు అక్షరాలనే అటూ ఇటూ మార్చిన మాట. టిల్లీ అంటే చిన్నమ్మాయి ఈడిత్‌కు ఇంట్లో ఉన్న మటిల్డా అనే ముద్దుపేరు కురచగా. పడవలో కూర్చున్న పిల్లలకు వాళ్ళ పేర్లనే కథలో దాచి చెప్పిన మనిషి ప్రేమ అంతా ఆ మూడు పేర్లలో ఉంటే, నువ్వు బెల్లప్పాకం అని రాసి వెళ్ళిపోయావు.

ప్రతిపదార్థం వేరు, వ్యాఖ్య వేరు. నా జీవితంలో సగం ఈ ఒక్క మాట చెప్పడంతోనే గడిచింది, ఇప్పుడు నీకూ చెబుతున్నాను. మాటకు అర్థం నిఘంటువు చెబుతుంది. ఆ మాట అక్కడికి ఎందుకు వచ్చి కూర్చుందో చెప్పేది వ్యాఖ్య. మెదకు సీమలోని కొల్చారం నుంచి వచ్చిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ముందే ప్రతిన పూనాడు. ఆ రెండో మాటను నీ బల్ల మీద రాసి పెట్టుకో.

నేను కాలేజీలో ఉండగా ఆలిస్‌ను నోట్లు లేని ప్రతిలో చదివి, ఇందులో అంత గొప్పేముందని పక్కన పడేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, జీతం రావడానికి ఇంకా వారం ఉన్న ఒక ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మార్టిన్ గార్డ్‌నర్ వ్యాఖ్యానించిన ఆలిస్ దొరికింది. కథ ఒక వరుసలో, దాని పక్కనే అంచు వెంట నోట్లు. జేబులో ఉన్నదంతా ఇచ్చి కొన్నాను. ఆ రాత్రి మొసలి పద్యం దగ్గర మొదటిసారి నవ్వాను, ఎందుకంటే దాని పక్కనే ఐజాక్ వాట్స్ 1715లో పిల్లల కోసం రాసిన తేనెటీగ పద్యం అచ్చయి ఉంది. బద్ధకం కూడదని ఆ రోజుల్లో ప్రతి పిల్లచేతా కంఠస్థం చేయించిన పద్యం అది. ఆలిస్ నోట అది తలకిందులై, కష్టపడే తేనెటీగ పోయి, చిన్న చేపలను చిరునవ్వుతో దవడల్లోకి ఆహ్వానించే మొసలి వచ్చింది. 'ఉప్పు కప్పురంబు' రాని పిల్లవాడికి దాని పేరడీ వినిపిస్తే ఎలా నవ్వుతాడు? పోయిన నవ్వును తిరిగి తెచ్చి ఇచ్చేది నోటు.

పండితులు ఆలిస్‌ను పాఠంగా మార్చేస్తున్నారని ఇంగ్లీషు రచయిత చెస్టర్టన్ బాధపడ్డాడు. ఆ బాధను గార్డ్‌నర్ తన పీఠికలోనే తలకెత్తుకుని, మర్మం తెలియని హాస్యం హాస్యం కాదనీ, కొన్నిసార్లు ఆ మర్మాన్ని విప్పి చెప్పక తప్పదనీ జవాబిచ్చాడు. నాకు ఆ జవాబు చాలు. 1960లో వచ్చిన ఆ పుస్తకానికి పాఠకులు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు, ఆయన 1990లో కొత్త నోట్లతో ఇంకో పుస్తకం వేశాడు, 1999లో అన్నీ కలిపి మళ్ళీ వేశాడు. ఒక పిల్లల పుస్తకం చుట్టూ నలభై ఏళ్ళు పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడం కంటే ఆనందం నాకు తెలియదు. మన దగ్గర మాత్రం 'పిల్లల పుస్తకానికి ఫుట్‌నోట్లెందుకండీ' అనే సంపాదకులే నాకు ఎదురయ్యారు. ఒకాయన నేను రాసిన నోట్లన్నీ తీసేసి, ఆ ఖాళీల్లో పువ్వుల బొమ్మలు వేయించాడు.

అంతకంటే పెద్ద గాయం ఇంకొకటి ఉంది. నా తొలి కథల్లో ఒకదానిలో ఒక పాప మాటలను వెనుక నుంచి చదువుతుంది. బడికి వెళ్తూ 'నా కలప ఏదీ' అని అడుగుతుంది. ఇంటిల్లిపాదీ కట్టెల మోపు వెతుకుతారు, చివరకు పాప పలక చూపిస్తుంది. ప్రూఫులు దిద్దినాయన 'కలప' తప్పనుకుని ప్రతిచోటా 'పలక' చేశాడు. పలక అడిగితే ఊరంతా కట్టెలు వెతికిన కథగా అది అచ్చయింది. చాలా కాలం ఆ పత్రికను ముట్టుకోలేదు. తర్వాత గార్డ్‌నర్ నోటులోనే నాకు తోడు దొరికింది. బొంతకాకికీ రాతబల్లకూ పోలిక ఏమిటని టీ విందులో టోపీవాలా వేసిన పొడుపుకథకు కారల్ 1896 నాటి ముందుమాటలో ఒక జవాబు రాస్తూ, 'నెవర్' అనే ఇంగ్లీషు మాటలో కావాలనే ఒక అక్షరం మార్చాడు. తిరగేసి చదివితే అది బొంతకాకి పేరు, 'రేవెన్'. ఎవరో అది అచ్చుతప్పనుకుని సరిదిద్దేశారు. కారల్ 1898 జనవరిలో పోయాడు. ఆ శ్లేష మళ్ళీ వెలుగు చూసింది 1976లో. ఆ నోటు చదివిన రోజు నా పాప కలప నాకు తిరిగి దొరికినట్టయింది.

నువ్వు కథలూ రాయాలనుకుంటున్నావు కనుక ఇంకొకటి. ఇ. బి. వైట్ రాసిన పిల్లల నవల 'షార్లెట్స్ వెబ్'కు పీటర్ న్యూమేయర్ 1994లో చేసిన వ్యాఖ్యాన ప్రతి సంపాదించు. నాన్న గొడ్డలి పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నాడని ఫెర్న్ అడిగే ఆ మొదటి వాక్యం వైట్‌కు మొదట తట్టలేదని, ముందు రాసుకున్న ప్రతిలో అసలు ఫెర్నే లేదని, పుస్తకాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాక ఆ పిల్ల వచ్చిందని అందులో చూస్తావు.

ఇప్పుడు నీ ఇరవై మూడో నోటు. ఆలిస్ తనకు ఎక్కాలు గుర్తున్నాయో లేదో చూసుకుంటూ 'నాలుగైదులు పన్నెండు, నాలుగార్లు పదమూడు' అని తడబడి, ఈ లెక్కన ఇరవైకి ఎప్పటికీ చేరనంటుంది. అక్కడ నువ్వు, 'ఈ వాక్యం దగ్గర మా తమ్ముడు పుస్తకం మూసి వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు' అని రాశావు. నాకు కళ్ళు చెమర్చాయి. అరవై రెండింటిలో అదొక్కటే వ్యాఖ్య. దాన్ని పూర్తి చెయ్యి. వాళ్ళ ఎక్కం పన్నెండుతో ఆగుతుంది. ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతే నాలుగు పన్నెండ్లు పందొమ్మిది అవుతుంది, అందుకే ఆలిస్‌కు ఇరవై అందదు. నేను బడిలో వల్లించిన ఎక్కాలు పదితోనే ఆగేవి. ఆ లెక్కన నేనైతే పదిహేడు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఈ తేడా తెలుగు పిల్లలకు చెప్పగలిగేది గార్డ్‌నర్ కాదు, నువ్వే.

ఆ నోటునూ, బావి నోటునూ తిరగరాసి ముందు పంపు. తక్కిన వాటిలో నిఘంటువు నుంచి తెచ్చినవన్నీ కొట్టెయ్యి. నీ తమ్ముడు ఆ రోజు వేళ్ళ మీద ఎంత వరకు వెళ్ళాడో అడిగి రాయి.

ఇట్లు
నీ మేలు కోరే పెద్దవాడు