పింక్ పిల్స్ డబ్బా మీద ప్రభుత్వ స్టాంపు: అర్థం ఏమిటి?

నమస్తే అండీ. పాత ఇంగ్లండ్ పత్రికలో ‘డాక్టర్ విలియమ్స్ పింక్ పిల్స్’ అనే మాత్రల ప్రకటన చూసి, డబ్బా మీద ప్రభుత్వ స్టాంపు ఉంది కాబట్టి ప్రభుత్వం పరీక్షించినట్టేనా అని అడిగారు. కాదండీ. అది పన్ను కట్టిన గుర్తు మాత్రమే. బ్రిటన్‌లో 1783 నుంచి ఇలాంటి మందుల మీద పన్ను ఉండేది. అమ్మేవాళ్లు దాన్నే ప్రభుత్వ హామీలా చూపించుకున్నారు. ఇలాంటివాటిని ‘పేటెంట్ మందులు’ అనేవారు కానీ, ఆ పేటెంట్ (ప్రభుత్వం ఇచ్చే తయారీ హక్కు) కూడా చాలా మందులకు పేరుకే. నిజంగా పేటెంట్ తీసుకుంటే మందులో ఏం కలిపారో బయటపెట్టాలి కదా!

బ్రిటన్ వైద్యుల సంఘమైన బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇలాంటి మందుల మీద చేయించిన పరీక్షల వివరాలు 1909లో పుస్తకంగా వచ్చాయి. ఈ మాత్రల్లో అసలు సరుకు ఐరన్ సల్ఫేట్, పైన చక్కెర పూత. రక్తం తక్కువై నీరసపడినవాళ్లకు ఇనుము కొంత మేలు చేస్తుంది. అందుకే మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసినవాళ్లందరూ అబద్ధాలాడారని నేను అనుకోను. కానీ పక్షవాతం, నరాల నొప్పులు, నరాల బలహీనత కూడా పోతాయని ప్రకటించారే, అది దారుణం. కాళ్లు పడిపోయిన మనిషికి ఆశ చూపి డబ్బు గుంజడం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ ప్రకటన తేదీ తెలియడం లేదన్నారు. కెనడా వ్యాపారి జార్జ్ ఫుల్‌ఫర్డ్ ఈ మాత్రల హక్కులు కొన్నది 1890లో. బ్రిటన్‌లో అమ్మకాలు ఆ తర్వాతే. కాబట్టి మీ ప్రకటన అంతకంటే పాతది కాదు.