కొర్రల మిల్లులో నూకెందుకు, పొట్టెందుకు?

ప్రశ్న: మా గ్రామైక్య సంఘం కొర్రల పొట్టు తీసే మిషను పెట్టింది. నూకా ఎక్కువే వస్తోంది, పొట్టు ఊడని గింజలూ మిగిలిపోతున్నాయి. మిషను మార్చాలా?
– సంఘం సభ్యులు, కల్యాణదుర్గం ప్రాంతం

జవాబు: మార్చకండి. నూక ఒక్కటే వస్తుంటే స్పీడు ఎక్కువైనట్టు, పొట్టు గింజలే మిగులుతుంటే తక్కువైనట్టు. రెండూ కలిసి వస్తున్నాయంటే ముందు అనుమానించాల్సింది మిషనును కాదు, పోసే గింజను. పది ఇళ్ల కొర్రలు ఒకే కుప్పగా పోస్తున్నారేమో చూడండి. ఈ రకం మిషనులో గిర్రున తిరిగే చక్రం గింజను విసిరి గోడకు కొడుతుంది. అతిగా ఎండిన గింజ ఆ దెబ్బకు పొట్టుతోపాటు తనూ పగులుతుంది. పచ్చి గింజకు పొట్టు అతుక్కునే ఉంటుంది. లావు గింజ, సన్న గింజ కలిసినా ఇదే గొడవ.

కాబట్టి ఎవరి గింజ వాళ్లకే విడిగా ఆడించండి. తేమ 10-12 శాతం ఉండాలి. మీటరు లేకపోతే గింజ కొరికి చూడండి: టక్కున పగలాలి, పంటి కింద అణిగితే ఇంకో ఎండ పడాలి. టార్పాలిన్ మీదే ఆరబెట్టండి. రోడ్డు మీద ఎండబోస్తే ఇసుక, రాళ్లు కలిసి చక్రం రెక్కల్ని తినేస్తాయి. జల్లెడ పట్టి లావువీ సన్నవీ వేరు చేశాక ముందు 2 కిలోలే పోయండి. వచ్చినదాంట్లో 100 గింజలు పళ్లెంలో పోసి నూకెంతో, పొట్టు గింజలెన్నో లెక్కపెట్టండి. నూక పెరగనంత వరకే స్పీడు పెంచాలి. మిగిలిన పొట్టు గింజల్ని జల్లించి రెండోసారి వేయండి. ఒక్క దెబ్బకే అంతా ఊడాలని చూస్తే నూకే మిగులుతుంది.

వంద కిలోల మంచి కొర్రలకు 60-70 కిలోల బియ్యం రావాలి. బాగా తగ్గిందా, బయటపడే ఊక గుప్పెడు తీసి చేటలో చెరగండి. అందులో మంచి గింజ కనిపిస్తే ఊకను ఊదే గాలి ఎక్కువై బియ్యాన్ని కూడా ఊదేస్తోందన్నమాట. చాలామంది గమనించని నష్టం ఇదే.

ఇంకో మాట. పొట్టుతో ఉన్న కొర్రలు చాలాకాలం నిలుస్తాయి, బియ్యం చేశాక త్వరగా పురుగు పడతాయి, ముక్క వాసన కొడతాయి. ఆర్డరును బట్టే ఆడించండి.

ప్రశ్న: రాగులకు, జొన్నలకు ఈ మిషను పనికొస్తుందా?

జవాబు: అక్కర్లేదు. వాటికి నూర్చినప్పుడే పొట్టు ఊడిపోతుంది. శుభ్రం చేసి పిండి పట్టించుకోవడమే.

ప్రశ్న: మా పిండి మరలో పిండి వేడిగా, మాడు వాసనతో వస్తోంది. ఎందుకు?

జవాబు: రాళ్లు నునుపెక్కి ఉంటాయి. కోయాల్సిన రాయి రుద్దుతోంది, అందుకే వేడి. కక్కు కొట్టించండి, అంటే ఉలితో రాయికి మళ్లీ గాట్లు పెట్టించండి. కొట్టించాక మొదట 2 కిలోల తవుడో నాసిరకం గింజో ఆడించి పారేయండి, లేదంటే రాతిపొడి పిండిలోకి వస్తుంది. రాళ్లు మరీ దగ్గరగా బిగించినా, తడి గింజ పోసినా ఇంతే. బెల్టుకు జాలీ మూత లేకుండా మాత్రం ఒక్కరోజు కూడా మర తిప్పకండి. చీర కొంగు, జడ క్షణంలో లాగేస్తుంది. కొంగు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి.

ప్రశ్న: కిలోకు ఎంత ఛార్జీ తీసుకోవాలి? పక్క ఊరి మిల్లులో 3 రూపాయలే.

జవాబు: పక్క ఊరిని చూడకండి, మీ ఖర్చు చూసుకోండి. ఉదాహరణకు నెలకు ఆపరేటరమ్మ జీతం 6,000, కరెంటు 3,000, బ్యాంకు కిస్తీ 4,000, అరిగే సామాను నిధి 2,000 అనుకుందాం. మొత్తం 15,000. నెలకు 40 క్వింటాళ్లు ఆడితే కిలోకు 3 రూపాయల 75 పైసలు. 20 క్వింటాళ్లే వస్తే కరెంటు 2,000కు తగ్గినా కిలోకు 7 రూపాయలు పడుతుంది. అందుకే పంట నెలల్లో మిగిలిన డబ్బు పంచేసుకోవద్దు, ఖాళీ నెలలకు దాచండి. అరుగుదల నిధిని వేరే ఖాతాలో వేయండి. బెల్టు తెగిన రోజున అప్పటికప్పుడు చందాలు వేసుకోవాల్సి వస్తే మర వారాల తరబడి ఆగిపోతుంది, గిరాకీ పక్క ఊరికి అలవాటు పడుతుంది. బేరింగు, బెల్టు ఒక్కోటి ఎప్పుడూ అలమరలో ఉండాలి. గ్రీజు పెట్టడం, బెల్టు మార్చడం కనీసం ఇద్దరు ఆడవాళ్లకు వచ్చి ఉండాలి. ఊక, తవుడు ఎవరివో మొదటి మీటింగులోనే తీర్మానం రాసుకోండి. సంఘాల్లో తగువులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.